వేపాకు రాలే వేళ పూలమడి ఊడ్చేయాలా, ఉంచాలా? కొత్త మొక్కలు ఇప్పుడా, వానలకా?

అనంత పూలమడి (అనంతపురం):
మా ఇంటి ముందు రెండు పూలమడులున్నాయి. ఎర్ర గరప నేల, బోరు నీళ్ళు. ఫిబ్రవరి నెలాఖరు నుంచి పక్కనున్న వేపచెట్టు ఆకంతా వాటిలోనే రాలుతుంది. ఉగాదికి ముందే మడులు ఊడ్చి, ఆకుకు నిప్పుపెట్టి, కొమ్మలు బాగా కత్తిరించి, నర్సరీ నుంచి కొత్త మొక్కలు తెచ్చి నాటడం మా వీధిలో అందరి అలవాటు. ఇది తప్పని నా వాదన. ఆకు మడిలోనే ఉండాలి. కత్తెర ఎండిన కొమ్మలకే తగలాలి. ఏళ్ళ తరబడి నిలిచే పూలమొక్కలు కావాలంటే వానలు పడ్డాకే నాటాలి. ఒప్పుకోని వాళ్ళు కారణం చెప్పండి. ఆదివారం పని మొదలుపెట్టాలి.

కందనవోలు మల్లె (కర్నూలు):
నాటే విషయంలో నేను ఒప్పుకోను అన్నా. మాది నల్లరేగడి. వానాకాలంలో మడిలో కాలు పెట్టలేం, గుంత తవ్వితే నీళ్ళు నిలిచి వేరు కుళ్ళుతుంది. చలి తగ్గాక, ఎండలు ముదరకముందు నాటితే వేరు పట్టుకోవడానికి కొంత సమయం దొరుకుతుంది. పైన పాత గోనెసంచి పందిరి వేసి, సాయంత్రం నీళ్ళు పోస్తే కనకాంబరం, నందివర్ధనం నిలబడతాయి. మేము అలాగే పెంచుతున్నాం.

కత్తెర సంగతిలో మాత్రం మీతోనే ఉంటా. మల్లెకు ఇప్పుడు కత్తిరింపు అసలు వద్దు. అది డిసెంబరు, జనవరిలోనే అయిపోవాలి. ఇప్పుడొచ్చే లేత చిగుళ్ళ మీదే మొగ్గలేస్తుంది. మార్చిలో శుభ్రం చేస్తున్నామని కోసేసి, ఈసారి పూలే లేవని బాధపడేవాళ్ళను చూస్తుంటే మనసు చివుక్కుమంటుంది.

కడప పెరడు (కడప):
ఆకు ఉంచమంటున్నారు. మరి చెదలో? ఎర్రనేలలో ఎండాకు పోగుపడితే వస్తాయి. అంతకన్నా తేళ్ళ భయం ఎక్కువ. ఇంట్లో మనవళ్ళు చెప్పుల్లేకుండా తిరుగుతారు. నేను ఊడ్చేస్తాను. కాల్చను, వెనక గుంతలో వేసి పేడనీళ్ళు చల్లుతాను. వానలకు ఎరువవుతుంది. శుభ్రంగా ఉన్న మడిలో ఏ పురుగున్నా కంటికి కనబడుతుంది.

అనంత పూలమడి:
సార్, గుమ్మం పక్కన, పిల్లలు నడిచేచోట ఊడ్చేయాల్సిందే. అందులో వాదన లేదు. మడి మధ్యలో మాత్రం నాలుగు వేళ్ళ మందాన ఆకు పరిచి, మొక్క మొదలు చుట్టూ జానెడు ఖాళీ వదిలితే చెదలు కాండానికి ఎక్కడం తగ్గుతుంది. ఎక్కితే మట్టిగూడు కనబడుతుంది, రాల్చేయొచ్చు. ఆకు కింద చెయ్యి పెట్టి చూడండి, మధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది. ఏప్రిల్, మేలలో బోరు ఆగి ఆగి పోసే ఊళ్ళో ఆ తేమే మొక్కను కాపాడేది. మడి ఖాళీగా ఉంటే ఎండకు నీరు ఆవిరైపోయి, బోరు నీళ్ళలోని ఉప్పు తెల్లగా పైన పేరుకుంటుంది.

కాల్చొద్దని మీరు చెప్పడం చాలా మంచి మాట. కాలిస్తే ఆకులోని నత్రజని పొగలో పోతుంది. మిగిలే బూడిద క్షారం. మన నీళ్ళలో క్షారం ఇప్పటికే ఎక్కువ.

మిద్దె మందారం (అనంతపురం):
అనంత, కందనవోలు ఇద్దరూ నాటే నెలల గురించి వాదిస్తూ గాలిని మరిచిపోయారు. అనంతపురంలో జూన్, జులైలో పడమటి గాలి ఎలా కొడుతుందో తెలుసు కదా. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది అందుకే. రెండు చినుకులు పడ్డాయని ఆరుద్ర కార్తెలో నాటితే, తర్వాత వాన ముఖం చాటేసిన రోజుల్లో ఆ గాలికి లేత మొక్క మాడిపోతుంది. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్లు పడే మన దగ్గర ఎక్కువ వాన సెప్టెంబరులోనే. అప్పటికి గాలి తగ్గుతుంది, తర్వాత చలికాలమంతా వేరుకు దొరుకుతుంది. నా లెక్కన నాటాల్సింది సెప్టెంబరులో.

ఇంకోమాట, కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కల వేళ్ళ చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటుంది. గరప నేలలో అది ఎండి బిగుసుకుంటే, పోసిన నీళ్ళు పక్కనుంచి పోతాయే గాని లోపలికి దిగవు. నాటేముందు బకెట్ నీళ్ళలో ముంచి, పైమట్టి కొంత కరిగించండి.

అనంత పూలమడి:
గాలి మాట నిజం అక్కా. ఎర్రనేలకు సెప్టెంబరే సరి, ఒప్పుకుంటున్నా. ఈలోగా చేయాల్సినవి ఉన్నాయి. చామంతి పూత అయిపోయింది కాబట్టి నేల దగ్గరికి కోసి, వచ్చే పిలకలను నీడలో బతికించుకోవాలి.

ఇక ఏం నాటాలి? ఎండకు నిలిచేవే కావాలి. 44వ నంబరు జాతీయ రహదారి డివైడర్ మీద ఎర్ర గన్నేరు, కాగితం పూలు మండుటెండలో పూస్తుంటే, ఇంట్లో మాత్రం నూరువరహాలు కావాలని పట్టుబట్టడం నాకు అర్థం కాదు. దానికి ఆమ్ల నేల కావాలి. మన బోరు నీళ్ళకు ఈనెలు పచ్చగా ఉండి ఆకు పసుపైపోతుంది. కాగితం పూలకు నీళ్ళు తగ్గిస్తేనే పూత. బిళ్ళగన్నేరు తన విత్తనం తానే రాల్చుకుని మొలుస్తుంది. ఎడారి గులాబి నీళ్ళను లావుపాటి కాండం మొదలులో దాచుకుంటుంది, ఎక్కువ పోస్తేనే చస్తుంది. మొదటి మడి నిండా ఇవే పెడతా.

కందనవోలు మల్లె:
కానీ అన్నా, వాటిలో జడలో పెట్టుకునే పువ్వు ఒక్కటీ లేదు. ఇంటి మడి డివైడర్ కాదు. కనకాంబరానికి ఒక మూల ఉంచండి, మధ్యాహ్నం నీడ పడేచోట. వేర్లలో నులిపురుగుల బెడద ఉంటుంది కాబట్టి ముందు ఆ చోట బంతి వేసి, తర్వాత కనకాంబరం నాటండి. నా రేగడికి ఫిబ్రవరే, ఆ మాట మార్చను.

కడప పెరడు:
గన్నేరు ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషం. బిళ్ళగన్నేరు కూడా నోట్లో పెట్టకూడనిదే. చిన్నపిల్లలుంటే గన్నేరు గోడ బయటే ఉండాలి, కత్తిరించిన కొమ్మలు కాల్చినా ఆ పొగ మంచిది కాదు. లోపలికి మందారం, డిసెంబరాలు చాలు. పిండినల్లి పడితే మందారాన్ని పైపు నీళ్ళతో గట్టిగా కడగండి.

అనంత పూలమడి:
మా ఇంటికి చెల్లెలి పిల్లలు వస్తుంటారు. గన్నేరు గోడ అవతలికి మారుస్తున్నా సార్. కనకాంబరానికి తూర్పు మూల ఇస్తా అక్కా, జూన్‌లో అక్కడ బంతి వేస్తా. ఆకు మాత్రం మడిలోనే ఉంటుంది.