1992 నాటి డాబా, శ్లాబు పెచ్చులూడుతోంది: సిమెంటు మాలు కొట్టించాలా, పగలగొట్టించాలా?

(ఇంటివారి ప్రశ్న, ఆయా పనులు తెలిసినవారి జవాబులు)

కాకినాడ డాబా:
ఇల్లు కాకినాడలో, 1992లో కట్టింది. ఒకటే అంతస్తు. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, వాటి మీద నాలుగున్నర అంగుళాల శ్లాబు, మెలితిరిగిన 8 ఎంఎం టార్ ఊచలు. స్నానాల గది, వంటగది సీలింగులో పెచ్చులూడి ఊచలు బయటపడ్డాయి. 11 × 14 అడుగుల హాల్లో పెచ్చులు రాలలేదు కానీ, సుమారు ఆరంగుళాలకొకటి చొప్పున సన్నటి తిన్నని పగుళ్లున్నాయి. పాత నీటి కారుడు ఆపడానికి పైన రెండంగుళాల మాలు వేసి ఉంది. ఒక మేస్త్రి కింద ప్లాస్టరింగ్ చాలంటున్నారు, ఇంకొకరు మొత్తం శ్లాబు తీసేయాలంటున్నారు. ఏం చూసి తేల్చుకోవాలండి?

శ్లాబు డిజైన్:
తేల్చేది ఊడిన పెచ్చు కాదండి, లోపలి ఊచ. ఇనుము తుప్పు పడితే ఉబ్బి రెండు నుంచి ఆరు రెట్ల చోటు అడుగుతుంది. ఆ ఒత్తిడికే కింది కాంక్రీటు విడిపోతుంది. మీ హాలు పగుళ్లు ఊచల దూరంలోనే, ఊచల వెంటే ఉన్నాయంటే అక్కడా తుప్పు మొదలైనట్టే. పెచ్చు రాలడం దాని తరువాతి దశ.

ముందు అరకిలో సుత్తితో సీలింగంతా అడుగు అడుగుకీ తట్టి, డొల్ల మోత వచ్చిన మేర సుద్దతో గీయండి. తలకి హెల్మెట్ పెట్టుకోండి, ఫ్యాన్లు ముందే దింపించండి, తుప్పు కొక్కేనికి ఫ్యాన్ ఉంచడం ప్రమాదం. తరువాత ఒక్కో గదిలో రెండు మూడు చోట్ల ఊచ బయటపెట్టి, వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, వెర్నియర్ కాలిపర్‌తో మందం కొలవండి. వ్యాసం కొంచెమే తగ్గినట్టు కనిపిస్తుంది, బలం మాత్రం వైశాల్యం లెక్కన పోతుంది. 8 ఎంఎం ఊచ 7కి వస్తే 23 శాతం పోయినట్టు, 6కి వస్తే 44 శాతం.

నా లెక్క ఇది: పదిశాతం లోపైతే శుభ్రం చేసి మరమ్మతు. పాతిక దాకా అయితే పక్కన కొత్త ఊచ కలిపి మరమ్మతు. అంతకు మించిన నష్టం గది పొడవునా ఉంటే ఆ శ్లాబు తీసేయడమే.

ఇంకో కొలత, వంపు. గోడ నుంచి గోడకి నైలాన్ దారం బిగించి మధ్యలో ఎంత దిగిందో చూడండి. 11 అడుగులకి 13 ఎంఎం దాటితే ఇంజనీరుని పిలవాల్సిందే.

మరమ్మతు పనులు:
ఉప్పు సంగతి కూడా చూడాలి, మీది సముద్రపు ఊరు. ఊచ దగ్గరి కాంక్రీటు పొడిని ల్యాబుకి పంపి క్లోరైడ్ చూపించండి. ఘనమీటరుకి 0.6 కిలోలు దాటకూడదని కాంక్రీటు పనుల భారతీయ కోడ్ ఐఎస్ 456 చెబుతుంది. ఉప్పునీటితోనో ఉప్పు ఇసుకతోనో వేసిన శ్లాబుకి ముక్కలు ముక్కలుగా అతుకు వేస్తే, అతుకు బాగుంటుంది, దాని అంచు పక్కన ఊచని తుప్పు ఇంకా వేగంగా తింటుంది. రెండేళ్లకే పక్క పెచ్చు ఊడిందని అందరూ మేస్త్రినే తిడతారు, అసలు కారణం ఇది.

క్లోరైడ్ తక్కువుంటే, అప్పుడే పగలగొట్టిన ముఖం మీద ఫినాల్ఫ్తలీన్ అనే రంగు మారే ద్రావణం చల్లండి. గులాబీ రంగు వస్తే కాంక్రీటు ఇంకా ఇనుముని కాపాడుతున్నట్టు. రంగు రాని లోతు ఊచ దాకా వచ్చేస్తే ఆ రక్షణ అయిపోయినట్టే. అప్పటి కోడ్ శ్లాబుకి 15 ఎంఎం కవరే (ఊచని కప్పే కాంక్రీటు మందం) అడిగేది, చాలాచోట్ల అదీ ఉండదు.

మరమ్మతంటే ఊచ చుట్టూ, వెనక 20 ఎంఎం దాకా చెక్కాలి. కింది ముఖం మాత్రమే గీకి మాలు కొడితే వెనక తుప్పు అలాగే ఉండిపోతుంది. శుభ్రం చేసిన ఊచకి జింక్ ప్రైమర్, పాత కాంక్రీటుకి అతుకు పూత, ఆ పూత తడిగా ఉండగానే పాలిమర్ మాలు, అంటే లేటెక్స్ ద్రవం కలిపిన సిమెంటు మాలు. బస్తా సిమెంటుకి మూడు బస్తాల తూకం క్వార్ట్జ్ ఇసుక, లేటెక్స్ 7.5 నుంచి 10 లీటర్లు. ఒక్కసారికి 10–12 ఎంఎం మందమే, ఎక్కువేస్తే జారిపోతుంది. చెక్కేముందు శ్లాబుని మోయడానికి కింద జాకీలు తప్పనిసరి.

పైన నీళ్లు నిలబెట్టి లీకు చూద్దామనే ఆలోచన ఇప్పుడు వద్దు. రెండంగుళాల నీళ్లు వంద చదరపు అడుగులకి అర టన్ను. మీ పైమాలు ఇప్పటికే దాదాపు టన్ను మోపింది.

కాకినాడ డాబా:
కొలిచానండి. స్నానాల గది, వంటగదిలో 6.2, 6.4, 5.9. హాల్లో మూడు చోట్లా 7.6 పైనే. హాలు వంపు 5 ఎంఎం. క్లోరైడ్ వంటగదిలో 1.1, హాల్లో 0.4 వచ్చింది.

శ్లాబు డిజైన్:
వంటగది వైపు 36 నుంచి 46 శాతం ఇనుము పోయింది, ఉప్పూ ఉంది. ఆ రెండు గదుల శ్లాబు మార్చేయండి, మరమ్మతు మీద డబ్బు పెట్టకండి. ఈలోపు కింద జాకీలు పెట్టి, పైన ట్యాంకు ఉంటే దింపించి, వాడకం ఆపండి. హాల్లో పదిశాతం లోపే. మరమ్మతు చేసి, పైన రెండంగుళాల మాలు తీయించి, పది అడుగులకి అంగుళంపావు వాటంతో కొత్త పూత వేయించండి. తూము దగ్గర నీళ్లు నిలిస్తే ఈ ఖర్చంతా వృథా.

పగలగొట్టే పని:
పగలగొట్టేటప్పుడు ప్రమాదమంతా అంచుల దగ్గరుంటుంది. సజ్జ శ్లాబులోంచే సాగి వచ్చి ఉంటే, వెనక శ్లాబు కోయగానే అది బయటికి పడిపోతుంది. కోతకి ముందే సజ్జ కింద జాకీలు పెట్టి, పైన పిట్టగోడ తీసేయాలి. హాలు వైపు మధ్య గోడ మీద పై ఊచల్ని కోయకండి. కాంక్రీటు మాత్రం చెక్కి, తుప్పు తినని ఊచలైతే కనీసం 16 అంగుళాలు వదిలి, వాటికే కొత్త ఊచలు జత కట్టాలి. అవీ తినిపోయి ఉంటే, ఎక్కడ కోయాలో ఇంజనీరే గీసివ్వాలి.

కొత్త శ్లాబుకి, గాలికి తెరుచుకున్న చోట ఎం30 గ్రేడు కాంక్రీటు, 45 ఎంఎం కవర్. ఊచల కింద రాళ్లు పెట్టనివ్వకండి, కాంక్రీటు కవర్ బిళ్లలే. స్లాగ్ సిమెంటైతే పదిరోజులకి తగ్గకుండా తడపాలి, జాకీలు 14 రోజులుంచండి. పని జనవరి తరువాత పెట్టుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాను రోజులు, పైకప్పు లేని ఇటుక గోడ గాలికి నిలవదు.