ముక్కు దిబ్బడ: దూలం ఆపరేషనా, ఇంకొన్నాళ్ళు స్ప్రేనా?

గోదారిగట్టు:
మా తమ్ముడికి 34 ఏళ్ళు. మూడేళ్ళుగా ముక్కు దిబ్బడతో బాధపడుతున్నాడు. రాత్రి పడుకోగానే ఒక రంధ్రం మూసుకుపోతుంది. పక్కకు తిరిగితే అది తెరుచుకొని రెండోది మూసుకుంటుంది. సీటీ స్కానులో ముక్కు దూలం, అంటే రెండు రంధ్రాల మధ్య గోడ, ఎడమకు వంగిందని, అంటే డీఎన్‌ఎస్ ఉందని రాశారు. ఒక ఈఎన్‌టీ వైద్యుడు ఆపరేషన్ చేయించుకోమన్నారు, మరొకరు ముందు స్టెరాయిడ్ స్ప్రే వాడి చూడమన్నారు. ఈలోగా వాడు రోజూ రాత్రి ముక్కు తెరిచే జైలోమెటాజోలిన్ చుక్కలు వేసుకుంటున్నాడు, అలర్జీకి ఇచ్చే లెవోసెట్రిజిన్-మాంటెలుకాస్ట్ బిళ్ళ మింగుతున్నాడు. ఆపరేషన్ చేయించినా మళ్ళీ పెరుగుతుందని మా పెద్దవాళ్ళ వాదన. ఏది ముందో, ఎందుకో కారణాలతో చెప్పగలరా?

నల్లమల:
నేను ఆపరేషన్ వైపే మాట్లాడతాను. వంగిన దూలం ఎముక, మృదులాస్థి కలిసిన గోడ. దాన్ని ఏ స్ప్రే నిటారు చేయలేదు. ఇది నా ఊహ కాదు. నెదర్లాండ్స్‌లో 203 మంది పెద్దలపై జరిగి 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలోనూ, బ్రిటన్‌లో 378 మందిపై జరిగి 2023లో బీఎంజే అనే మరో వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలోనూ దూలం సరిచేయించుకున్నవారే మెరుగ్గా ఉన్నారు. రెండో దానిలో లక్షణాలను 22 ప్రశ్నలతో కొలిచారు. మార్కులు ఎంత తక్కువైతే అంత మేలు. ఆరు నెలల తర్వాత స్ప్రేలు వాడినవారి సగటు 39.5 దగ్గర ఉంటే, ఆపరేషన్ అయినవారిది 19.9కి దిగింది. ఇంత తేడా కనబడుతున్నా ఏళ్ళ తరబడి సీసా తర్వాత సీసా కొనిపించడం రోగికి చేసే మేలేమీ కాదు.

ఇక "మళ్ళీ పెరుగుతుంది" అన్న మాట ముక్కులో పెరిగే కండకు, అంటే పాలిప్‌లకు సంబంధించినది. వాటికి మూలమైన వాపు అలాగే ఉంటుంది కనుక అవి తిరిగి వస్తాయి. సరిచేసిన దూలం అలా పెరిగేది కాదు. మన ఇళ్ళలో ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి జనాన్ని భయపెడుతున్నారు.

మందులకొట్టు:
నల్లమల గారు చెప్పిన అంకెలతో నాకు పేచీ లేదు. అయితే ఆ బ్రిటన్ అధ్యయనంలోకి ఎవరిని తీసుకున్నారో కూడా చూడాలి. దూలం వంకరతో పాటు దిబ్బడ కూడా కనీసం ఒక మోస్తరుగా ఉన్నట్టు కొలిచి తేల్చిన పెద్దలనే తీసుకున్నారు. స్కాను కాగితంలో డీఎన్‌ఎస్ అన్న మాట కనబడిన ప్రతివారికీ ఆ ఫలితం వర్తించదు. దూలం కొద్దో గొప్పో వంగి ఉన్నవారు మనలో చాలామందే ఉంటారు. వారిలో అధికశాతం హాయిగానే గాలి పీలుస్తారు.

నా దృష్టిలో గోదారిగట్టు గారి ప్రశ్నలోనే సగం జవాబుంది. దిబ్బడ పక్కలు మారుతోంది. వంగిన గోడ రాత్రికి రాత్రి కుడి నుంచి ఎడమకు జరగదు. మారుతున్నది టర్బినేట్ల వాపు. అవి రక్తనాళాలతో నిండి, ఉబ్బుతూ తగ్గుతూ ఉండే కండ పొరలు. ఆరోగ్యవంతుల్లో కూడా కొన్ని గంటలకొకసారి ఒక పక్కది ఉబ్బితే రెండో పక్కది తగ్గుతుంది. పడుకున్నప్పుడు కింది వైపుది ఎక్కువ ఉబ్బుతుంది. పొర మామూలుగా ఉన్నప్పుడు ఈ మార్పు మనకు తెలియదు. అలర్జీ వల్లనో, చుక్కల మందు వల్లనో అది ముందే వాచి ఉంటే ప్రతి మలుపూ తెలుస్తుంది.

అసలు అనుమానించవలసింది ఆ చుక్కలనే. జైలోమెటాజోలిన్ అయినా, ఆక్సీమెటాజోలిన్ అయినా రక్తనాళాలను బిగించి నిమిషాల్లో ముక్కు తెరుస్తుంది. మూడు నుంచి అయిదు రోజులకు మించి వాడితే, మందు ప్రభావం తగ్గగానే నాళాలు మునుపటికంటే ఎక్కువ ఉబ్బుతాయి. దాన్ని తగ్గించడానికి మళ్ళీ చుక్కలు వేయాలి. మా కొట్టుకు వచ్చేవారిలో కొందరి జేబులో ఒకటి, దిండు కింద ఒకటి, బండి డిక్కీలో ఒకటి ఉంటాయి. "ఇది లేకపోతే నిద్ర పట్టదండీ" అంటూ మూత అరిగిపోయిన పాత సీసాను చూపించి అదే కావాలంటారు. అలాంటివారు స్ప్రే పని చేయలేదంటే నేను నమ్మను. చుక్కలు మానకుండా స్ప్రే వాడితే, ఏ మందు ఏం చేసిందో ఎవరు చెప్పగలరు?

స్ప్రే కొట్టుకునే తీరు కూడా చాలామందికి ఎవరూ చెప్పరు. సీసా కుదిపి, తల కొంచెం ముందుకు వంచి, కుడి చేత్తో ఎడమ రంధ్రంలోకి, ఎడమ చేత్తో కుడి రంధ్రంలోకి, ముక్కు మధ్య గోడకు కాకుండా చెవి వైపుకు కొట్టాలి. తర్వాత గట్టిగా ఎగపీల్చకూడదు. అలా పీలిస్తే మందు గొంతులోకి జారిపోతుంది. గోడకే కొడుతూ పోతే ముక్కు నుంచి రక్తం వస్తుంది, దాంతో భయపడి మానేస్తారు. పైగా ఇది చుక్కల్లా వెంటనే తెరిచేది కాదు. పూర్తి గుణం కనబడడానికి రెండు వారాల దాకా పట్టవచ్చు.

సందర్భం వచ్చింది కనుక మరొక మాట. జలుబు బిళ్ళల్లో కలిపే ఫినైలెఫ్రిన్‌ను నోటితో మింగితే దిబ్బడ తగ్గదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘం 2023లో ఏకగ్రీవంగా తేల్చింది. 2024 నవంబరులో దాన్ని అక్కడ చీటీ లేకుండా అమ్మే మందుల జాబితా నుంచి తొలగించాలన్న ప్రతిపాదన కూడా వచ్చింది. మన కొట్లలో ఆ బిళ్ళలకు గిరాకీ మాత్రం తగ్గలేదు.

చార్మినార్ వాసి:
మీరంతా ఆపరేషన్, స్ప్రే అంటున్నారు. మా ఇంట్లో జిందా తిలిస్మాత్ రెండు చుక్కలు వేడినీళ్ళలో వేసి ఆవిరి పడితే ముక్కు తెరుచుకుంటుంది. 1920 నుంచీ హైదరాబాదులో ఉన్న మందు ఊరికే నిలబడుతుందా?

ముక్కుసూటి:
నేను ఈఎన్‌టీ విభాగంలో పని చేసే వైద్యుణ్ణి. చార్మినార్ వాసి గారూ, మీకు ఉపశమనం కలగడం నిజమే. అందులోని మెంథాల్ ముక్కులోని చల్లదనాన్ని గుర్తించే నాడులను ప్రేరేపిస్తుంది, దాంతో గాలి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది. కొలిచి చూస్తే దారి వెడల్పయి ఉండదు. జలుబు చేసిన రాత్రికి అది చాలు. మూడేళ్ళ దిబ్బడకు చాలదు. పిల్లల దగ్గర మరిగే నీళ్ళ గిన్నె పెట్టకండి. కాలిన గాయాలతో వచ్చేవారిని చూస్తూనే ఉంటాం.

ఇక అసలు వివాదం. దూలమా, వాపా అన్నది వైద్యుడి గదిలోనే కొంతవరకు తేల్చవచ్చు. ముందు ముక్కులోకి చూసి, వాపు తగ్గించే మందు వేసి, కొంతసేపాగి మళ్ళీ చూస్తాం. గాలి ధారాళంగా ఆడితే ప్రధానమైన అడ్డు వాపే. పొర ముడుచుకుపోయినా దారి ఇరుకుగానే ఉంటే గోడనో, ఎముకనో అనుమానించాలి. సన్నని కెమెరా గొట్టంతో, అంటే ఎండోస్కోపుతో చూస్తే పాలిప్ ఉన్నదీ లేనిదీ కూడా తెలుస్తుంది. ఈ పరీక్ష చేయకుండా, స్కాను కాగితం చూసి ఆపరేషన్ తేదీ ఇస్తే నాకు నచ్చదు.

గోదారిగట్టు గారి తమ్ముడు చుక్కలు మానక తప్పదు. ఒక్కసారిగా మానలేకపోతే, స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టి, ముందు ఒక రంధ్రంలో ఆపి, అది కుదుటపడ్డాక రెండో దానిలో ఆపవచ్చు. మొదటి వారం పది రోజులు నిద్ర కష్టమవుతుందని ముందే చెప్పాలి. ఉప్పునీటితో కడగడం మంచిదే: అరలీటరు నీటికి ముప్పావు టీస్పూను ఉప్పు. ఆ నీళ్ళు మాత్రం మరిగించి చల్లార్చినవే కావాలి. కుళాయి నీళ్ళతో ఇలాగే ముక్కు కడుక్కొని, మెదడును తినే అమీబా సోకి 2011లో అమెరికాలోని లూసియానాలో ఇద్దరు చనిపోయారు.

మాంటెలుకాస్ట్ గురించి ఎవరూ అడగలేదు, కానీ చెప్పాలి. మనసు మీద దుష్ప్రభావాలు కనబడినందున 2020లో ఎఫ్‌డీఏ దానికి తీవ్రమైన హెచ్చరికను చేర్చి, ముక్కు అలర్జీకి ఇతర మందులు పని చేయనప్పుడే వాడమంది. మన దగ్గర అది తుమ్ముకు బిళ్ళలా నెలల తరబడి నడుస్తోంది. పీడకలలు, చిరాకు, దిగులు మొదలైతే రాసిన వైద్యుడికి వెంటనే చెప్పాలి.

ఒకే పక్క ఎప్పుడూ మూసుకొని ఉండి, రక్తం పడుతున్నా, మొహం మొద్దుబారినా స్ప్రే గడువు కోసం ఆగకూడదు.

నల్లమల:
పరీక్ష ముందు అన్న మాటకు ఒప్పుకుంటాను. చుక్కలు మాన్పించాలన్నదానికీ అడ్డు చెప్పను. కానీ "స్ప్రే వాడి చూద్దాం" అన్న మాటకు మన దగ్గర గడువు ఉండదు. చూస్తూ ఉండగానే మూడేళ్ళు గడిచిపోతాయి. గోదారిగట్టు గారూ, మీ తమ్ముణ్ణి స్ప్రే రాయించుకున్న రోజే అడగమనండి: ఎన్ని వారాలకు మళ్ళీ చూస్తారు, అప్పటికీ గాలి ఆడకపోతే తర్వాత ఏం చేస్తారు? ఆ రెండింటినీ మందుల చీటీ మీదే రాయించుకోమనండి.