మొదటి పెళ్లిరోజుకి షెపర్డ్ హట్, ఎలా ఉంటుందో చెప్పండి ప్లీజ్

అందరికీ నమస్తే. ఇంగ్లండ్‌లో రెడింగ్‌కి కొత్తగా వచ్చాం, మా ఆవిడ డిపెండెంట్ వీసా మీద ఈమధ్యే దిగింది. మే చివర్లో మా పెళ్లిరోజు. ఆఫీసులో ఒకాయన దక్షిణ తీరాన ఉన్న డోర్సెట్ కౌంటీ వైపు షెపర్డ్ హట్ తీసుకోమన్నాడు, ఫొటోలు బాగున్నాయి గానీ చక్రాల మీదున్న రేకుల గదికి హోటల్ రేటు ఏంటో అర్థం కావట్లేదు. కారు కూడా లేదు. వెళ్లొచ్చంటారా?

---

తప్పకుండా వెళ్లు తమ్ముడూ. అవి ఒకప్పుడు నిజంగా గొర్రెల కాపరులు ఉన్న గదులే. గొర్రెలు ఈనే రోజుల్లో కాపరి రాత్రంతా మంద దగ్గరే ఉండాలి కాబట్టి ఇనప చక్రాల మీద గది, లోపల మూలకి చిన్న పొయ్యి పెట్టుకుని గుర్రాలతో పొలం నుంచి పొలానికి లాక్కెళ్లేవాళ్లు. మన ఊళ్లలో ఎరువు కోసం పొలంలో మంద కట్టిస్తారు చూడు, డోర్సెట్, విల్ట్‌షైర్ సుద్దకొండల మీద కూడా అదే పద్ధతి ఉండేది. ఇప్పుడది ఫ్యాషన్ అయింది, 2017లో మాజీ ప్రధాని డేవిడ్ కామెరాన్ 25 వేల పౌండ్లు పెట్టి ఒకటి కొని తోటలో పెట్టుకున్నాడు. అందుకే ఆ రేట్లు.

బుక్ చేసేముందు అడగాల్సింది టాయిలెట్ గురించి. కొన్నిట్లో లోపలే ఉంటుంది, కొన్నిట్లో గడ్డిలో నడుచుకుంటూ వెళ్లాలి, అర్ధరాత్రి టార్చి పట్టుకుని మరదలు వెళ్లాలంటే కష్టం, అదీ నీళ్లకి బదులు రంపపు పొట్టు చల్లే కంపోస్ట్ టాయిలెట్ అయితే ముందే చెప్పి తీసుకెళ్లు. ఆఫ్ గ్రిడ్ (అంటే బయటి కరెంటు లైన్ లేదు) అని రాసుంటే రైస్ కుక్కర్, కెటిల్, హెయిర్ డ్రయర్ నడవవు అనుకో. నువ్వు పొడుగైతే మంచం పొడవు అడుగు, చాలావాటిలో ఆ గోడ నుంచి ఈ గోడకి అడ్డంగా బిగించేస్తారు, కాళ్లు చాపడానికి ఉండదు.

పొయ్యి విషయంలో మాత్రం జాగ్రత్త. మే నెలైనా రాత్రిళ్లు చలేస్తుంది, అలాగని గాలి వచ్చే కంతలు మూసేయొద్దు, పొయ్యి నుంచి వచ్చే విషవాయువుని పసిగట్టే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో వెళ్లగానే చూడు. లోపల పోపు పెట్టకండి, అంత చిన్న గదిలో ఆ ఘాటు దుప్పట్లకి పట్టేస్తుంది. పులిహోర చేసుకెళ్లండి, పెరుగు, ఆవకాయ, కాస్త కందిపొడి ఉంటే ఇంకేం కావాలి. ఆదివారం పెద్ద సూపర్‌మార్కెట్లు ఆరు గంటలే తెరుస్తారు, పల్లెటూరి పబ్బుల్లో కొన్ని సోమవారం అసలు తియ్యరు.

కారు లేకపోయినా పర్లేదు. టూ టుగెదర్ రైల్‌కార్డ్ అని రైలు డిస్కౌంట్ కార్డు ఉంది, తీసుకోండి, ఇద్దరూ కలిసి వెళ్తే టికెట్ మీద మూడో వంతు తగ్గుతుంది, వీక్‌డేస్‌లో పొద్దున తొమ్మిదిన్నర లోపు మాత్రం పనికిరాదు. డోర్సెట్‌లోని డోర్చెస్టర్ ఊళ్లో సౌత్, వెస్ట్ అని రెండు స్టేషన్లున్నాయి, చూసి దిగు. అక్కణ్ణుంచి ట్యాక్సీ ముందే మాట్లాడుకో, అప్పటికప్పుడు యాప్‌లో దొరుకుతుందని నమ్ముకోకు. ఇండియా లైసెన్స్ మీద ఇక్కడికొచ్చిన ఏడాది వరకు నడపొచ్చు గానీ ఆ సందుల్లో రెండువైపులా నిలువెత్తు పొదలు, ఎదురుగా ట్రాక్టర్ వస్తే వెనక్కి తీసుకోవాలి, కొత్తలో వద్దులే.

---

అన్నయ్యగారు అన్నీ చెప్పేశారు, ఆడవాళ్ల వైపు నుంచి నేనొకటి చెప్తా తమ్ముడూ. కొత్తగా వచ్చిన అమ్మాయి, నువ్వు ఆఫీసుకెళ్తే పగలంతా ఇంట్లో ఒక్కతే. తనకి కావాల్సింది నీ టైమ్. ఆ రెండ్రోజుల్లో స్టోన్‌హెంజ్, బాత్ అన్నీ చుట్టేద్దామని పెట్టుకోకు. ఒక సాయంత్రం డర్డిల్ డోర్‌కి (సముద్రం ఒడ్డున తోరణంలా ఉండే రాయి) వెళ్లండి, జనం పల్చబడ్డాక బాగుంటుంది, తొమ్మిదింటి దాకా వెలుతురుంటుంది. మిగతా టైమ్ అక్కడే ఉండండి. రెండు ముక్కలుగా ఉండే తలుపులో పైసగం తీసుకుని టీ తాగుతూ కూర్చుంటే గొర్రెలు గడ్డి పీకే చప్పుడు కూడా వినిపిస్తుంది, వానొస్తే ఆ రేకుల మీద మోత చాలా బావుంటుంది. మరీ ఒంటరి చోటు కాకుండా ఊరికి నడిచెళ్లేంత దగ్గర్లో తీసుకో, రాత్రి నక్క అరిస్తే కొత్తవాళ్లకి గుండె ఝల్లుమంటుంది. సిగ్నల్ ఉండకపోవచ్చు, ఇంట్లో అమ్మావాళ్లకి ముందే చెప్పండి, కంగారుపడతారు. పొలాల్లోంచి నడిస్తే తీసిన గేటు వేసేయండి, దూడలున్న ఆవుల దగ్గరికి పోవద్దు.

---

చాలా థ్యాంక్స్ అక్కా, అన్నా. ఫ్రెండ్ వాళ్లు కూడా వస్తామంటున్నారు, పక్కన ఇంకో హట్ ఉందట.

---

వద్దు తమ్ముడూ, వాళ్లతో ఇంకోసారి వెళ్లొచ్చు. ఈసారి మీరిద్దరే వెళ్లండి. వీకెండ్ కన్నా బుధ, గురువారాల్లో రేటు తక్కువ ఉంటుంది, ఈరోజే లీవ్ పెట్టెయ్.