పాల డబ్బాల్లో పూల విత్తనాలేసి స్నోలో పెడితే నిజంగా మొలుస్తాయా?

పూలబుట్ట_ఎడిసన్:
అందరికీ నమస్తే అండీ. మేము న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర టౌన్‌హౌస్‌లో ఉంటాం, వెనకాల చిన్న పేషియో, దాన్ని ఆనుకుని నాలుగు మొక్కలు పట్టే మట్టి, అదే నా తోట. ప్రతి మే నెలలో స్టోర్‌కి వెళ్లడం, పూల మొక్కల ట్రేల రేట్లు చూసి గుండె గుభేలుమనడం, అయినా కొనుక్కురావడం, ఇదీ వరస. ఇంట్లోనే నారు పోసుకుందామంటే బేస్‌మెంట్ లేదు, లైట్లు పెట్టే చోటు లేదు, ఎండొచ్చే ఒక్క కిటికీ దగ్గర మా కరివేపాకు కుండీ కాపురం పెట్టేసింది, దాన్ని కదిపితే ఆకు రాలుస్తుంది.

ఇప్పుడు సంగతేంటంటే మా ఆఫీసులో ఒకావిడ ఖాళీ పాల గ్యాలన్ డబ్బాలు కోసి, మట్టి పోసి, విత్తనాలేసి జనవరిలోనే బయట స్నోలో పెట్టేస్తుందట, ఏప్రిల్‌కి వాటంతటవే మొలకలొస్తాయట. మా ఇంట్లో పెరుగుకి, కాఫీలకి పాల డబ్బాలకి కొదవ లేదు, రీసైకిల్ బిన్ నిండా అవే. కానీ బయట చూస్తే నీళ్లు గడ్డకట్టుకుపోయి ఉన్నాయి, ఈ చలికి విత్తనం చచ్చిపోదా? ఏ పూలు వేయొచ్చు? బతుకమ్మకి కావాల్సిన గునుగు, బంతి కూడా ఇప్పుడే వేసేయొచ్చా? మాది జోన్ 7 అంటున్నారు, దాన్నిబట్టి ఏమైనా తేడా ఉంటుందా? చేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త విడమర్చి చెప్పండి.

మిషిగన్_మందారం:
మొలుస్తాయి, డౌటే లేదు. నేను ఏటా చేస్తా, మాది డెట్రాయిట్ సబర్బ్, మీకన్నా చలెక్కువ. దీన్ని వింటర్ సోయింగ్ అంటారు, న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో ట్రూడీ డేవిడాఫ్ అనే ఆవిడ దీన్ని బాగా ప్రచారం చేసింది, అక్కణ్నుంచి ఊరూరా పాకింది. కాకపోతే అన్ని పూలకీ పనికిరాదు, ఆ సంగతి చివర్లో చెప్తా, ముందు డబ్బా సంగతి.

చలికి విత్తనం చచ్చిపోదా అన్నారు కదా. ఇక్కడి పూలు చాలావరకు శరదృతువులో గింజ రాల్చి, చలికాలమంతా స్నో కింద పడుండి, మార్చి ఏప్రిల్‌లో మొలిచేవే. వాటిల్లో కొన్ని ఆ చలి తగలకపోతేనే సరిగ్గా మొలవవు. రాత్రి గడ్డకట్టడం, పగలు కరగడం, ఇలా పదే పదే అవుతుంటే గింజ మీది పెంకు మెత్తబడుతుంది, లోపలున్న నిద్ర వదులుతుంది. ఇదే పనికి కొందరు తడి పేపర్ టవల్‌లో చుట్టి నెలరోజులు ఫ్రిజ్‌లో పెడతారు, మన ఫ్రిజ్‌లో ఇడ్లీ పిండికే చోటుండదు కాబట్టి బయట పెట్టడమే నయం. డబ్బా ఎందుకంటే ఉడతలు తవ్వకుండా, వానకి గింజలు కొట్టుకుపోకుండా, పైగా ఎండపొద్దున లోపల కాస్త వెచ్చగా ఉండి బయటికన్నా కొంచెం ముందు మొలుస్తాయి.

డబ్బా అంటే వెలుతురు లోపలికి పోయేది ఉండాలి, మామూలు మసకగా కనిపించే పాల గ్యాలన్ సరిగ్గా సరిపోతుంది. కొన్ని పాలు పూర్తిగా తెల్లగా, లోపలేముందో కనపడని డబ్బాల్లో వస్తాయి, అవి వద్దు. కడిగి, అడుగున డ్రిల్‌తో గానీ స్టవ్ మీద కాల్చిన పాత స్క్రూడ్రైవర్‌తో గానీ ఐదారు చిల్లులు పెట్టండి, కాల్చేటప్పుడు కిటికీ తీసిపెట్టుకోండి వాసనొస్తుంది. హ్యాండిల్ అడుగు భాగం ఎక్కడుందో చూసి ఆ లెవెల్‌లో చుట్టూ కత్తెరతో కోయండి, కానీ హ్యాండిల్ కింద ఒక రెండు వేళ్ల వెడల్పు కోయకుండా వదిలేస్తే అదే మడతబందులా పనిచేసి పై భాగం మూతలా తెరుచుకుంటుంది. కింద భాగంలో మూడు నాలుగు అంగుళాలు పాటింగ్ మిక్స్ (కుండీల కోసం బస్తాల్లో అమ్మే తేలిక మట్టి) పోయాలి. తోటలో మట్టి మాత్రం పోయొద్దు, రాయిలా గట్టిపడుతుంది, దాంతోపాటు కలుపు గింజలూ వచ్చేస్తాయి, ఏది పువ్వో ఏది గడ్డో తెలీక జుట్టు పీక్కోవాలి. మిక్స్‌ని ముందే బాగా తడపండి, పిడికిట్లో పట్టి పిండితే ఒకటో రెండో చుక్కలు రావాలి, ధారగా కారకూడదు. గింజలు చల్లి, మూసి, చుట్టూ డక్ట్ టేప్ వేసి, పైన బిరడా తీసి పారేయండి. ఆ కన్నంలోంచే వాన, స్నో లోపలికి పోతుంది, వేడి బయటికి పోతుంది. బిరడా పెట్టారో, మార్చి ఎండకి లోపల ఉడికిపోతాయి.

తర్వాత వానా స్నో నేరుగా పడే చోట పెట్టేసి మర్చిపోవడమే. చూరు కింద పెట్టకండి, ఎండిపోతాయి. దక్షిణం గోడకి ఆనించినా తంటాయే, ఫిబ్రవరిలో నాలుగు రోజులు ఎండ కాస్తే తొందరపడి మొలిచేస్తాయి. పైన అడుగు స్నో పడినా కంగారు పడొద్దు, తుడవొద్దు, అది దుప్పటి.

కొలంబస్_కనకాంబరం:
పైన అక్క చెప్పిందంతా కరెక్టే, నేను ఇంకోటి కలుపుతా. పేర్లు రాసుకోండి, లేదంటే ఏప్రిల్‌లో అన్ని డబ్బాల్లోనూ రెండేసి ఆకులే కనపడతాయి, ఏదేంటో ఆ దేవుడికే తెలియాలి. మామూలు మార్కర్ ఎండకి రెండు నెలల్లో వెలిసిపోతుంది, పెయింట్ పెన్‌తో రాయండి, లేదా కిటికీకి వేసే పాత మినీ బ్లైండ్ ప్లాస్టిక్ పట్టీ ముక్క మీద పెన్సిల్‌తో రాసి డబ్బా లోపలే గుచ్చండి, పెన్సిల్ రాత పోదు.

పాల డబ్బాలే అక్కర్లేదు కూడా, సలాడ్ ఆకులొచ్చే పెద్ద పారదర్శకం పెట్టెలు, స్టోర్‌లో రోస్ట్ చికెన్ వచ్చే గుమ్మటం మూత డబ్బాలు, రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు అన్నీ పనికొస్తాయి, మూతకి కూడా చిల్లులు పెట్టాలి అంతే. సలాడ్ పెట్టెలు లోతు తక్కువ కాబట్టి తొందరగా ఎండిపోతాయి, వాటిల్లో వేస్తే మార్చి నుంచి ఓ కన్నేసి ఉంచండి.

డాలస్_బంతి:
ఇదంతా మీ చలిదేశం వాళ్ల గొడవ. మా టెక్సస్‌లో డబ్బాలూ టేపులూ ఏమీ లేకుండా అక్టోబర్ నవంబర్‌లో లార్క్‌స్పర్, పాపీ గింజలు నేల మీద చల్లి వదిలేస్తాం, మార్చి ఏప్రిల్‌కి పూస్తాయి, మేలో ఎండలకి మాడిపోతాయి. ఇక మన హైదరాబాద్‌లో చుట్టాలకి మాత్రం ఈ ఐడియా ఫార్వర్డ్ చేయకండి, అక్కడ గడ్డకట్టే చలే లేదు.

పూలబుట్ట_ఎడిసన్:
అబ్బ ఎంత బాగా చెప్పారండీ, థాంక్యూ. డబ్బాలు కడగడం మొదలెట్టేశా, మా ఆయన ఇదేం చాదస్తం అన్నట్టు చూస్తున్నారు. అసలు పాయింట్ మిగిలిపోయింది, ఏ పూలు? గునుగు? జోన్?

మిషిగన్_మందారం:
జోన్ సంగతి ముందు తేల్చేస్తా. జోన్ నంబర్ చెప్పేది మీ ఊళ్లో చలికాలంలో సగటున ఎంత కిందికి పడిపోతుందో అంతే, జోన్ 7 అంటే 0 నుంచి 10 డిగ్రీల ఫారెన్‌హీట్. మొక్క చలికాలం బతుకుతుందా లేదా అన్నదానికి అది పనికొస్తుంది, విత్తనం ఎప్పుడు వేయాలన్నదానికి కాదు. దానికి మీరు చూడాల్సింది ఆఖరి ఫ్రాస్ట్, అంటే లేత మొక్కల్ని చంపే గడ్డకట్టే మంచు, ఎప్పుడు పడుతుందని, మీ వైపు ఏప్రిల్ చివరికి అటూఇటూ, మాకు మే మొదటి రెండు వారాలు.

ఇప్పుడు, అంటే జనవరి ఫిబ్రవరిలో వేయాల్సినవి చలి కోరుకునేవి, చలికి ఓర్చుకునేవి: కోన్‌ఫ్లవర్, బ్లాక్ ఐడ్ సూసన్, కొలంబైన్, ఫాక్స్‌గ్లవ్, లార్క్‌స్పర్, పాపీ, స్నాప్‌డ్రాగన్, బ్యాచిలర్స్ బటన్, కలెండ్యులా, మిల్క్‌వీడ్. వీటిలో స్నాప్‌డ్రాగన్, పాపీ, ఫాక్స్‌గ్లవ్ గింజలు ఆవాలకన్నా చిన్నవి, మట్టి కప్పకుండా పైన చల్లి వేలితో మెల్లగా ఒత్తండి చాలు, వెలుతురు తగిలితేనే మొలుస్తాయి. లార్క్‌స్పర్ మాత్రం దీనికి ఉల్టా, పావు అంగుళం మట్టి కప్పాలి, చీకటి కావాలి. కోన్‌ఫ్లవర్ ఈ ఏడాది ఆకులే, పువ్వు వచ్చే ఏడాది, ఆశలు పెట్టుకోకండి. ఫాక్స్‌గ్లవ్, లార్క్‌స్పర్ రెండూ విషం, చిన్నపిల్లలున్న ఇల్లయితే మానేయండి.

మిల్క్‌వీడ్ ఒక్కటైనా వేయండి ప్లీజ్. ఇది మన జిల్లేడుకి చుట్టం, తుంపితే అలాగే పాలు కారతాయి, ఆ చేత్తో కళ్లు నలుపుకోవద్దు. మోనార్క్ సీతాకోకచిలుక గొంగళిపురుగులు దీని ఆకు తప్ప ఇంకోటి ముట్టవు, మన దగ్గర జిల్లేడాకు మీద నారింజ రంగు సీతాకోకచిలుకల పురుగులు పెరుగుతాయి చూడండి, అదే కుటుంబం. తేమ నేలైతే స్వాంప్ మిల్క్‌వీడ్, ఎండ బాగా పడే పొడి నేలైతే బటర్‌ఫ్లై వీడ్. ట్రాపికల్ మిల్క్‌వీడ్ అని అమ్మేది మాత్రం ఇక్కడిది కాదు, వదిలేయండి.

ఇక గునుగు, బంతి, సీతజడ, పోకబంతి, జినియా, ఇవన్నీ వేడి దేశపు పిల్లలు. జనవరిలో వేస్తే తడికి గింజ కుళ్లైనా పోతుంది, లేదా మార్చిలో నాలుగు వెచ్చని రోజులు చూసి మొలిచి ఆ తర్వాతి ఫ్రాస్ట్‌కి నల్లగా ఒరిగిపోతుంది. అవే పాల డబ్బాల్లో వేసుకోండి కానీ ఏప్రిల్ మధ్యలో.

కొలంబస్_కనకాంబరం:
బంతికి డబ్బా ఎందుకక్కా, మే 15 దాటాక నేలలో గుచ్చితే వారంలో లేస్తది. అనవసరం చాకిరీ.

మిషిగన్_మందారం:
మీకు స్లగ్స్ (గుల్ల లేని నత్తలు) లేవేమో, మాకు నేలలో మొలిచిన బంతి మొలక తెల్లారేసరికి కాడ మాత్రమే మిగుల్తుంది. డబ్బాలో వేలంత ఎత్తు పెంచి పెడితే తట్టుకుంటుంది. నేలలోనే వస్తే సంతోషం, అలాగే చేయండి.

కరీంనగర్_టు_షార్లెట్:
బతుకమ్మ గురించి నేను చెప్త. అందరూ చేసేదేందంటే ఏప్రిల్‌లనే గునుగు పోసి జులైల పూలు చూసి మురిసిపోతరు, సెప్టెంబర్ వచ్చేసరికి కంకులు ముదిరి గింజలు రాలుతుంటయి, పండుగకి వెలిసిపోయిన పూలు పేర్చాలె. పైగా 2026ల అధిక జ్యేష్ఠం వచ్చింది కద, ఎంగిలిపూల బతుకమ్మ అక్టోబర్ 10, సద్దుల బతుకమ్మ ఇంకో వారం దాటినంక. 2025ల సెప్టెంబర్ 21నే మొదలైంది, అంటే మూడు వారాలు లేటు. కాబట్టి లెక్క వెనకనుంచి వేసుకోవాలె. గునుగుకి గింజ నుంచి పువ్వుకి సుమారు మూడు నెలలు, అందుకని ఒక బ్యాచ్ మేల, ఇంకోటి జూన్ నెలాఖరుకి పోసుకోండ్రి. పెద్ద బంతి రెండు రెండున్నర నెలలు, జులై మొదటి వారంల వేసినా అందుతది.

న్యూజెర్సీల పండుగనాటికి ఫ్రాస్ట్ భయం మిషిగన్ అంత ఉండదు, మీరు బతికిపోయిన్రు. మిషిగన్ అక్కకే కష్టం, సద్దులనాటికి ఫ్రాస్ట్ కొట్టే చాన్స్ ఉంది, ఆ రాత్రి పాత దుప్పట్లు కప్పుకోవాల్సిందే.

ఇంకోమాట, ఇండియా నుంచి సూట్‌కేసుల గునుగు గింజలు తెప్పియ్యకుండ్రి. ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (పురుగు, తెగులు లేవని ఇచ్చే సర్కారు కాగితం) లేకుండ విత్తనాలు తేనియ్యరు, డిక్లేర్ చెయ్యకుంటే ఫైన్ కూడా ఏస్తరు. ఇక్కడనే సెలోషియా ఫ్లెమింగో ఫెదర్ అని దొరుకుతది, గులాబి రంగు కొస, చూస్తె అచ్చం మన గునుగే. తంగేడు మాత్రం చలికి నిలవదు, కుండీల పెట్టుకుని చలికాలం ఇంట్లకి తెచ్చుకుంటెనే.

పూలబుట్ట_ఎడిసన్:
అధికమాసం లెక్క నాకసలు తట్టలేదండీ, క్యాలెండర్‌లో రాసిపెట్టుకున్నా. మా అత్తయ్య నిన్ననే ఫోన్‌లో గింజలు పొట్లం కట్టానన్నారు, వద్దని చెప్పాలి ఎలాగో. ఆఖరిగా రెండు డౌట్లు. మొలకలొచ్చాక ఏం చేయాలి, డబ్బా ఎప్పుడు తెరవాలి? పేషియో మీద ఇరవై పాల డబ్బాలు వరసగా పెడితే హెచ్‌ఓఏ (మా కాలనీ ఇళ్ల ఓనర్ల అసోసియేషన్) వాళ్లు లెటర్ పంపుతారేమో?

మిషిగన్_మందారం:
మార్చి నుంచి వారానికోసారి డబ్బా ఎత్తి చూడండి. పొద్దున లోపలి గోడకి నీటి చుక్కలు పట్టుంటే తడి ఉన్నట్టే. చుక్కల్లేవు, ఎత్తితే తేలిగ్గా ఉందీ అంటే నీళ్లు కావాలి, పైనుంచి పోస్తే గింజలు ఒక మూలకి చేరతాయి, అందుకే ఒక ట్రేలో నీళ్లు పోసి డబ్బాని అరగంట అందులో నిలబెట్టండి, చిల్లుల్లోంచి పీల్చుకుంటుంది. మొలకలు కనపడి, పగలు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంటే టేప్ తీసి పగలంతా మూత వెనక్కి వాల్చేయండి, ఫ్రాస్ట్ ఉందన్న రాత్రి మూసేయండి. ఇంట్లో పెంచిన నారులాగా వీటిని మెల్లమెల్లగా ఎండకి అలవాటు చేసే పని ఉండదు, పుట్టిందే బయట కాబట్టి. రెండు జతల అసలు ఆకులొచ్చాక నాటుకోవచ్చు. ఒక్కో మొక్కా విడదీస్తూ కూర్చోకండి, మట్టిగడ్డతో సహా బయటికి తీసి నాలుగైదు ముక్కలుగా తుంపి ముక్కని ముక్కలాగే పాతేయండి. పాపీకి వేరు కదిలితే అస్సలు పడదు, దాన్ని ఎంత చిన్నప్పుడు నాటితే అంత మంచిది.

హెచ్‌ఓఏ సంగతి ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, మీ రూల్స్ చదువుకోండి. నేనైతే డబ్బాలన్నీ ఒక పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో సర్దుతా, తొట్టికీ చిల్లులుండాలి లేదంటే నీళ్లు నిలబడతాయి. చూసేవాళ్లకి తొట్టే కనపడుతుంది, గాలికి డబ్బాలు పక్కింటి పెరట్లోకి దొర్లకుండా కూడా ఉంటాయి. ఇరవై మాత్రం వద్దండీ, మీరు చెప్పిన జాగాకి ఐదారు డబ్బాలు చాలా ఎక్కువ, ఒక్కో డబ్బాలో యాభై మొలకలు లేస్తే ఎక్కడ పెడతారు?

కొలంబస్_కనకాంబరం:
మిగిలితే మేలో పోస్ట్ పెట్టండి, ఎడిసన్‌లో నారు తీసుకెళ్లేవాళ్లకి కరువా.