అప్‌డేట్: అడాపలీన్ జెల్ ఆపలేదు, మొటిమలు తగ్గాయి

మొటిమలకు రాసే అడాపలీన్ 0.1% జెల్ మొదలుపెట్టాక మొటిమలు ఇంకా ఎక్కువయ్యాయి, ముఖమంతా మంట, పొట్టు లేస్తోంది, ఆపేయాలా అని ఎండాకాలంలో ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అక్కలకు, అన్నలకు చాలా థాంక్స్. స్కిన్ డాక్టర్‌కు చూపించమన్న మాటే నన్ను కాపాడింది.

హన్మకొండలో చూపించుకున్నాను. ఇది అలర్జీ కాదు, మందుకు చర్మం ఇంకా అలవాటు పడలేదు అన్నారు డాక్టర్. చర్మం లోపల మూసుకుపోయి ఉన్న మొటిమలు మొదటి వారాల్లో కొందరికి ఇట్లనే ఒక్కసారిగా బయటపడతాయట, ఫలితం తెలియాలంటే 12 వారాలైనా వాడాలట. రోజూ కాకుండా రాత్రి విడిచి రాత్రి రాయమన్నారు. ముఖం పూర్తిగా ఆరాక ముందు మాయిశ్చరైజర్, దానిపైన ముఖం మొత్తానికీ కలిపి బఠానీ గింజంత జెల్. కళ్ల చుట్టూ, ముక్కు మూలల్లో, పెదవుల దగ్గర వద్దు. మంట తగ్గింది ఈ మార్పుతోనే, అది కూడా తొందరగానే. తర్వాత మెల్లగా రోజూ రాయడానికి వచ్చాను.

పగలు సన్‌స్క్రీన్ తప్పనిసరి. మన వరంగల్ ఎండకు స్కూటీ మీద చున్నీ కట్టుకున్నా సరే, సన్‌స్క్రీన్ మానొద్దు.

మొటిమలు పెరగడానికి కారణమేమో అనుకున్న బోరు నీళ్లు, మామిడిపండ్లు నా విషయంలో కారణం కాదని తేలింది. నిమ్మరసం రాయమన్న సలహా మాత్రం దయచేసి ఎవరూ పాటించకండి, పొట్టు లేచిన చర్మానికి అది ఇంకా హాని.

ఇప్పుడు కొత్త మొటిమలు ఎప్పుడో ఒకటి. నల్ల మచ్చలు ఇంకా ఉన్నాయి, అవి పోవడానికి నెలలు పడుతుందన్నారు. గర్భం కోసం చూస్తున్నవాళ్లు, గర్భిణులు ఈ జెల్ వాడొద్దు, ముందే డాక్టర్‌కు చెప్పండి.