శూన్యత అంటే ‘ఏమీ లేదు’ అని కాదంటారు, మరి నాకెందుకు ఇంత భయం?

అందరికీ నమస్కారం. నాన్నగారు పోయాక బౌద్ధం చదవడం మొదలుపెట్టాను. బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడు శ్లోకాల్లో రాసిన మూలమధ్యమక కారికల్లో 24వ అధ్యాయం, 18వ కారిక (శ్లోకం) దగ్గర ఆగిపోయాను. ప్రతీత్యసముత్పాదాన్నే, అంటే ప్రతిదీ వేరేవాటి మీద ఆధారపడి పుట్టడాన్నే, శూన్యత అంటున్నామని ఆయన అక్కడ చెప్తాడు.

నాన్నగారి కళ్ళజోడు ముందు పెట్టుకుని ఆలోచించాను. ఒక కాడ వదులైతే ఆయనే దారం చుట్టుకున్నారు. ఆ దారం ఇప్పుడు నల్లబడిపోయింది. అద్దాలు, ఫ్రేము, మర, దారం... వీటిలో కళ్ళజోడు ఏది? విడిగా ఏదీ కాదు. అయినా దాంతోనే ఆయన ఏళ్ళ తరబడి పేపర్ చదివారు. అంటే వస్తువు లేదని కాదు, దేనిమీదా ఆధారపడకుండా తనంతట తానుగా ఉండే స్వభావం దానికి లేదని. ఇంతవరకు అర్థమైంది.

అదే మాట నాన్నగారికి వర్తింపజేస్తే మాత్రం గుండె పట్టేసినట్టు ఉంటోంది. శూన్యత కూడా శూన్యమేనని చదివాక టెన్షన్ ఇంకా పెరిగింది. మరి నేను ఇన్నాళ్ళూ ప్రేమించింది ఎవరిని? సంవృతి సత్యం (లోకవ్యవహారంలోని నిజం), పరమార్థ సత్యం (అంతిమ నిజం) అని రెండు చెప్తారు కదా, నా ప్రేమ మొదటిదాంట్లోనే ఆగిపోతుందా? శూన్యత అర్థమైతే కరుణ పెరుగుతుందంటారు, అదెలా?

మాధ్యమికం (నాగార్జునుడి ఈ శూన్యతా సిద్ధాంతం) చదువుకున్నవాళ్ళు, ముఖ్యంగా అయినవాళ్ళను పోగొట్టుకున్నాక చదివినవాళ్ళు, దయచేసి కాస్త వివరంగా చెప్పండి.