ఎక్స్‌రేలో మోకాలి ఎముక పెరిగిందని వచ్చింది, కాలి మిషను మానేయాలా?

తెనాలి మిషనమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నాకు యాభై రెండేళ్లు. తెనాలిలో ఇంటి ముందు గదిలోనే ఆడవాళ్ల బట్టలు కుడతాను. పెళ్లప్పుడు పుట్టింటివాళ్లు ఇచ్చిన కాలి మిషనే ఇప్పటికీ అన్నం పెడుతోంది. మా ఆయనకు షుగరొచ్చి పని తగ్గించుకున్నాక ఇల్లు దీనిమీదే నడుస్తోంది. కాబట్టి "పని మానెయ్యండి" అని చెప్పబోయేవాళ్లు దయచేసి ఇంకేదైనా చెప్పండి.

కొంతకాలంగా కుడి మోకాలు లోపలివైపు నొప్పి. మిషను తొక్కేటప్పుడు అంత తెలియదు, లేచేటప్పుడే ప్రాణం పోతుంది. కటింగంతా నేలమీద చాప పరుచుకుని చేస్తాను. ఒక్క జాకెట్టు కత్తిరించి లేవాలన్నా మిషను స్టాండు పట్టుకుని, "అమ్మా" అనుకుంటూ లేవాలి. పొద్దున్నే కాలు బిగుసుకుపోయి ఉంటుంది, కాఫీ తాగేలోపు సర్దుకుంటుంది. మెట్లు ఎక్కడం కంటే దిగడం కష్టం. కాలు వంచితే లోపల కరకరమని చప్పుడు. మా మనవరాలు చెవి ఆనించి విని నవ్వుతుంది.

మొన్న ఎక్స్‌రే తీయించాను. బల్లమీద పడుకోబెట్టి తీశారు. రిపోర్టులో రెండు మోకాళ్లకూ 'ఆస్టియోఫైట్స్', 'గ్రేడ్ 2' అని రాశారు. డాక్టరు గారు చూసి "గుజ్జు అరిగింది, ఎముక పెరిగింది, కింద కూర్చోవద్దు, బరువు తగ్గండి" అన్నారు. నొప్పి మాత్రలు, పైన రాసుకునే జెల్, గుజ్జు పెరగడానికని ఖరీదైన మాత్రలు రాశారు. బయట ఇంకా బోలెడుమంది కూర్చుని ఉన్నారు, నేనూ ఎక్కువ అడగలేకపోయాను.

ఇంటికొచ్చాక సలహాలకు కొదవలేదు. మా ఆడపడుచు "పెరిగిన ఎముకని గీకించేసుకో వదినా, చిన్న రంధ్రంతో అయిపోతుందట" అంటుంది. జాకెట్లిచ్చే ఒకావిడ కాల్షియం ఎక్కువైతేనే ఎముక అలా పెరుగుతుందని చెప్పి పాలు, పెరుగు మానమంది. పెరుగు లేకుండా నేను అన్నం ఎట్లా ముగిస్తాను? ఎదురింటాయన ఎక్కడినుంచో పొడి తెప్పిస్తానంటున్నాడు, అది వాడితే మూడు రోజుల్లో పరిగెడతానట. నాకు బీపీ మాత్ర కూడా ఉంది.

శ్రావణమాసం దగ్గరకొచ్చింది, జాకెట్లు గుట్టలు పడతాయి. వీటిలో ఏది నమ్మాలి? మిషను తొక్కొచ్చా, లేదా?

బెజవాడ ఫిజియో

అమ్మా, నేను ఫిజియోథెరపిస్టుని. మీలాంటి మోకాళ్లే రోజూ చూస్తాను. ముందుగా పెరుగన్నం తినండి. ఆ ఎముక పెరగడానికీ మీరు తినే కాల్షియానికీ సంబంధం లేదు.

కీలులో ఎముకల చివర్లకు నున్నటి మృదులాస్థి పొర ఉంటుంది. మనవాళ్లు గుజ్జు అనేది దాన్నే. అది పలచబడ్డాక కీలుమీద పడే ఒత్తిడికి అంచుల దగ్గర కొత్త ఎముక పుడుతుంది. అరిగిన కాలరుకి లోపలినుంచి మీరు అదనపు గుడ్డ వేసి కుడతారే, శరీరం చేసేదీ అలాంటి పనే, కాకపోతే అంత నీటుగా కుట్టదు. అంటే జబ్బు ఆ ముక్క కాదు, అరుగుదల వల్ల వచ్చిన ముక్క అది. దాన్ని గీకినంత మాత్రాన అరుగుదల పోదు.

గీకించే విషయంలో ఒక పాత పరీక్ష గురించి చెప్పాలి. 2002లో అమెరికాలోని హ్యూస్టన్‌లో మోకాళ్లు అరిగిన 180 మందిని తీసుకుని, కొందరికి దుర్బిణీతో లోపల శుభ్రం చేశారు, కొందరికి లోపల నీటితో కడిగారు, ఇంకొందరికి చర్మంమీద గాట్లు మాత్రమే పెట్టి కుట్టేశారు. ఎవరికి ఏది చేశారో రోగులకు తెలియదు. రెండేళ్లపాటు చూస్తే, గాట్లు మాత్రమే పెట్టినవాళ్లకన్నా మిగతావాళ్లకు నొప్పేమీ ఎక్కువ తగ్గలేదు. మోకాలు మధ్యలో పట్టేసి అసలు చాచలేకపోతుంటే ఆ సంగతి వేరు. మీరు అలా చెప్పలేదు.

గ్రేడ్ గురించి కూడా భయపడకండి. 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు డాక్టర్లు పెట్టిన లెక్క అది, సున్నా నుంచి నాలుగు వరకు ఉంటుంది. గ్రేడ్ 2 అంటే అంచుల్లో ఎముక స్పష్టంగా కనిపిస్తోంది, రెండెముకల మధ్య సందు కాస్త తగ్గి ఉండొచ్చు, అంతే. అయితే పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఆ సందు ఉన్నదానికంటే ఎక్కువ కనిపించొచ్చు. ఈసారి నిలబెట్టి తీయమని అడగండి. ఎక్స్‌రే ఘోరంగా ఉండీ హాయిగా నడిచేవాళ్లున్నారు, ఎక్స్‌రే బాగానే ఉండీ ఏడ్చేవాళ్లూ ఉన్నారు. ఫిల్ము చూసి కుట్టుపని మానక్కర్లేదు.

నాకు మీ మిషనుకంటే మీ చాపమీదే కోపంగా ఉంది. కాలు బాగా మడిచి కూర్చుని, ఆ మడతలోంచి బరువంతా మోకాలిమీద వేసి లేవడమే మీ కీలుకు గడ్డుపని. కటింగు నడుమెత్తు బల్లమీదకి మార్చండి. నేలమీద కూర్చుని చేసే పనులన్నీ, మరుగుదొడ్డితో సహా, కుర్చీ ఎత్తుకు రావాలి. మెట్ల దగ్గర ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. చేతికర్ర పట్టుకోవాల్సి వస్తే ఎడమచేత్తో పట్టుకోండి. చాలామంది నొప్పి ఉన్నవైపే పట్టుకుంటారు.

ఇక తొడ కండరం. మోకాలికి అసలు కాపలా అదే. మంచంమీద కాళ్లు చాపి కూర్చుని, మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ తొడ బిగించి ఐదు అంకెలు లెక్కపెట్టి వదలండి. పదిసార్లు, పూటకోసారి. అది తేలికయ్యాక కుర్చీలో కూర్చుని కాలు నెమ్మదిగా చాచి నిలపండి. ఆ తర్వాత చేతులు ఆనించకుండా ఎత్తు కుర్చీలోంచి లేచి కూర్చోవడం. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా పర్వాలేదు. మర్నాటి పొద్దుటికీ అది తగ్గకపోతే లెక్క తగ్గించండి, మానకండి. ఒకటి రెండు వారాల్లో తేడా కనపడదు, నెలలు పడుతుంది.

తెనాలి మిషనమ్మ

బాబూ, కాలరు మాటతో నాకు అర్థమైపోయింది. బరువు గురించి మీరేమీ అనలేదు, డాక్టరు గారు మాత్రం అదే గట్టిగా అన్నారు. నేను డెబ్భై నాలుగు కేజీలు. ఇంకా గుజ్జు మాత్రల సంగతి, ఆ పొడి సంగతి ఎవరైనా చెప్పండి.

బెజవాడ ఫిజియో

మొదటిరోజే బరువు ఎత్తితే జనం పారిపోతారని చెప్పలేదు. ఒక కిలో తగ్గితే నడకలో వేసే ప్రతి అడుగుకీ మోకాలిమీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. ఇరవై కిలోలు తగ్గాలని కూర్చోకండి, నాలుగైదు తగ్గినా మోకాలికి తెలుస్తుంది.

గుజ్జు మాత్రల్లో మామూలుగా ఉండేది గ్లూకోసమైన్. వాటి విషయంలో 2019లో అమెరికా కీళ్లవైద్యుల సంఘం మోకాలి అరుగుదలకు అవి వద్దనే చెప్పింది. గుజ్జు మళ్లీ పెరుగుతుందని ఆశపడి నెలనెలా డబ్బు పోయొద్దు. మీ డాక్టరునే "ఇవి ఆపితే ఏమవుతుంది?" అని అడగండి. జెల్ మాత్రం మంచిదే, మోకాలి కీలు చర్మానికి దగ్గరే కాబట్టి పని చేస్తుంది.

సోంపేట మాస్టారు

చెల్లెమ్మా, నేను రిటైరైన లెక్కల మాస్టారిని. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం. కిడ్నీ జబ్బులంటే ఏమిటో మా ఊళ్లను చూస్తే తెలుస్తుంది. ఆ జబ్బుకి కారణమేమిటని శాస్త్రవేత్తలు ఏళ్లతరబడి తవ్వుతున్నారు. నొప్పి మాత్రలవల్లే వచ్చిందని నేననను. కానీ ఇక్కడ కాస్త చదువుకున్న ఏ డాక్టరైనా ముందుగా చెప్పేమాట "నొప్పి మాత్రలు ఇష్టమొచ్చినట్టు మింగొద్దు" అని.

నాకు రెండు మోకాళ్లూ అరిగాయి, బీపీ కూడా ఉంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, కడుపులో పుండు చేస్తాయి, కిడ్నీమీద భారం వేస్తాయి. బీపీకి వాడే కొన్ని మాత్రలతో కలిస్తే కిడ్నీకి మరీ ప్రమాదం. మీరు వాడే బీపీ మాత్ర పేరు మోకాళ్ల డాక్టరుకి చెప్పారా? చెప్పకపోతే ఇప్పుడైనా చెప్పండి. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష ఒకటి చేయించుకోండి, పెద్ద ఖర్చేం కాదు.

ఎదురింటాయన పొడి దగ్గరికి వస్తాను. ఏళ్ల నొప్పి మూడు రోజుల్లో మాయమైతే నాకు సంతోషం కాదు, అనుమానం. అలాంటి పేరులేని పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మిన కేసులు మనదేశంలో చాలా పట్టుబడ్డాయి. మొదట్లో హాయిగానే ఉంటుంది. తరవాత ముఖం ఉబ్బుతుంది, షుగరు లేనివాళ్లకు షుగరొస్తుంది, ఎముక గుల్లబారుతుంది. ఒక్కసారిగా ఆపితే మనిషి కుప్పకూలతాడు. పొట్లంమీద ఏముందో రాయనిది నోట్లో వేసుకోకు తల్లీ, ఇంట్లో షుగరున్న మనిషికి అసలు పెట్టకు.

నల్గొండ పిల్లోడు

అక్కా, కొంచెం పక్కదారి. ఎముక పెరిగిందనగానే మా దిక్కు జనం ముందు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువైందనే అనుకుంటరు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్లల్ల ఇట్లాంటి మనుషులను చూసి డాక్టర్లు రాసిపెట్టిన్రు. మా మర్రిగూడ దిక్కు బోరునీళ్లు తాగి నడుములు వంగిపోయిన పెద్దోళ్లను చిన్నప్పటి నుంచి చూసిన. దాంట్ల వెన్ను, మెడ, తుంటి అన్నీ బిగుసుకపోతయి, నరాలు నొక్కుకపోతయి, చిన్నప్పటి నుంచి ఆ నీళ్లు తాగినోళ్లకు పళ్లమీద గోధుమరంగు మచ్చలుంటయి. మీరు చెప్పింది మోకాళ్లే, ఊరు కృష్ణా కాలువల కింద, కాబట్టి మీకు అది కాదనే నాకనిపిస్తుంది. చదివేటోళ్లల్ల ఎవరైనా బోరునీళ్లమీదనే పెరిగి, ఒళ్లంతా బిగుసుకపోతుంటే మాత్రం నీళ్లు పరీక్ష చేయించుండ్రి, డాక్టరుకు ఆ ముచ్చట చెప్పుండ్రి.

కూకట్‌పల్లి కూతురు

మా అమ్మకు గ్రేడ్ 4, రెండు మోకాళ్లూ మార్పించాం. కాళ్లు రెండూ బయటికి వంగిపోయి, రాత్రి పడుకున్నా నొప్పి తగ్గని స్థితికి వచ్చాకే చేయించాం. ఆంటీ, మీరు చెప్పిందాన్నిబట్టి అది ఇప్పుడు మీ గొడవ కాదు. ఎప్పుడైనా ఎవరైనా తొందరపెడితే ఇంకో డాక్టరుకి చూపించండి. ఖర్చు గురించి ఒక్క ముక్క: 2017 ఆగస్టులో ప్రభుత్వం మోకాలి ఇంప్లాంట్ల ధరకి పరిమితి పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పుడు 54,720 రూపాయలు, జీఎస్టీ వేరే. అది లోపలపెట్టే వస్తువు ధర మాత్రమే. గది, సర్జన్ ఫీజు, ఫిజియో అన్నీ విడిగా కాగితంమీద రాయించుకోండి. మాకు ఒక చోట చెప్పిన మొత్తం ఒకటి, బిల్లులో వచ్చింది ఇంకొకటి.

మధ్యలో అమ్మ స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా వేయించుకుంది. కొన్ని వారాలు బాగుంది, మళ్లీ మామూలే. షుగరున్నవాళ్లకు ఆ ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది, ముందే చెప్పించుకోండి.

తెనాలి మిషనమ్మ

అందరికీ దణ్ణం. జరిగింది చెప్తాను, నాలాంటి వాళ్లకు పనికొస్తుంది.

మిషనుకి మోటారు పెట్టించాను. బిగింపు కూలీతో కలిపి రెండు వేల చిల్లర అయింది. ఇప్పుడు పాదం కింద చిన్న పెడల్ ఉంటుంది, మడమ నేలకానించి వేళ్లతో నొక్కితే చాలు, మోకాలు కదలదు. మొదట్లో ఏడుపొచ్చింది, వేలు ఆనగానే మిషను రైల్లా పరిగెడుతోంది. ఒకావిడ బోటు నెక్కు మెలితిరిగిపోయి, విప్పి మళ్లీ కుట్టాల్సొచ్చింది. మెడలు, చంకల దగ్గర ఇప్పటికీ మోటారు వదిలేసి చేత్తో చక్రం తిప్పుతాను. బెల్టు మాత్రం పారేయలేదు, కరెంటు పోతే కాలే దిక్కు.

కటింగుకి అటకమీది పాత తలుపు దింపించి రెండు ట్రంకు పెట్టెలమీద వేయించాను. నడుమెత్తు రాలేదు, పెట్టెల కింద ఇటుకలు పెట్టాం. ఇప్పుడు నిలబడి కత్తిరిస్తున్నాను. లేచేటప్పటి నొప్పి సగానికి పైగా తగ్గిందంటే అతిశయం కాదు. అయితే నిలబడి నిలబడి సాయంత్రానికి కాళ్లు పీకుతున్నాయి. నాలుగైదు జాకెట్లు కాగానే కూర్చుంటున్నాను.

బీపీ డాక్టరుకి మాత్రలు రెండూ చూపించాను. ఆయన నొప్పి మాత్ర ఆపి జెల్ మాత్రం ఉంచమన్నారు, మరీ ఓర్చుకోలేని రోజు పారాసిటమాల్ వేసుకోమన్నారు. పొడి ఇంట్లోకి రానివ్వలేదు. ఎదురింటాయన మూతి ముడుచుకున్నాడు, ముడుచుకోనివ్వండి.

వరలక్ష్మీవ్రతం పీటమీద కాకుండా కుర్చీలో కూర్చుని చేసుకున్నాను. మా అత్తగారు "అమ్మవారి ముందు కుర్చీలోనా" అన్నారు. మా అమ్మాయి "అమ్మవారు కూడా పీఠంమీదే కూర్చుంది కదా నానమ్మా" అంది. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు.

ఫిజియో బాబూ, ఒక్క సందేహం. తొడ బిగించే వ్యాయామం ఎడమకాలికీ చేయాలా, నొప్పున్న కుడికాలికేనా? ఇంకోటి, మోటారు పెడల్ రోజంతా కుడికాలితోనే నొక్కుతున్నాను.

బెజవాడ ఫిజియో

రెండింటికీ చేయండి, మీ ఎక్స్‌రేలో రెండు మోకాళ్లూ ఉన్నాయి. పెడల్‌ని పూటకోసారి ఎడమవైపు జరపండి. మొదట్లో కుట్టు వంకర పోతుంది, పాత గుడ్డ ముక్కలమీద అలవాటు చేసుకోండి, పెళ్లి జాకెట్టుమీద వద్దు. మోకాలు ఎప్పుడైనా ఎర్రగా వేడెక్కి, వాచి, జ్వరం కూడా వస్తే మాత్రం జెల్ రాసుకుంటూ కూర్చోకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.